పిల్లల్లో ఏడీహెచ్‌డీ ఎందుకు వస్తుంది? "తప్పు నాదేనా" అని అడిగిన తల్లికి జవాబు

విజయవాడ పటమట నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. బాబుకు ఏడేళ్ళు, రెండో తరగతి. క్లాసులో కుదురుగా కూర్చోడు, చెప్పేది పూర్తిగా వినకుండానే లేచిపోతాడు, పెన్సిలు రోజుకొకటి పోగొడతాడు. బడిలో కౌన్సెలర్ ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతిచలాకీతనం కనిపించే ఎదుగుదల సమస్య) లక్షణాలు ఉన్నాయి, డాక్టరుకు చూపించమన్నారు. అన్నం తినిపించడానికి ఫోను చేతికిచ్చావు కాబట్టే ఇలా అయ్యాడని అత్తగారి మాట. "నేనూ చిన్నప్పుడు ఇంతే, పదో తరగతికి వచ్చాక దారిలో పడ్డాను, వాడికేమీ లేదు" అని భర్త మాట. కడుపుతో ఉండగా ఆరో నెలలో జ్వరానికి వేసుకున్న పారాసిటమాల్ వల్ల వచ్చిందేమోనని ఆమెకు ఇంకో భయం. కారణం ఏమిటి, తప్పు నాదేనా, రెండో బిడ్డకూ వస్తుందా అని అడిగారు.

నేను గుంటూరులో పిల్లల మానసిక వైద్యం చేస్తాను. వచ్చేవాళ్ళలో సగానికి సగం మంది కృష్ణ దాటి మీ వైపు నుంచే వస్తారు. కాబట్టి మీ ఇంట్లో జరుగుతున్న వాదన నాకు కొత్త కాదు.

ముందు జవాబు చెప్పేస్తాను. తప్పు మీది కాదు. మీ బాబుకు నిజంగా ఏడీహెచ్‌డీ ఉంటే (ఉందో లేదో ఇంకా తేలలేదు, ఆ సంగతి కింద చెబుతాను), అన్నిటికంటే పెద్ద కారణం వాడు పుట్టుకతో తెచ్చుకున్న జన్యువులు. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు బరువు బాగా తక్కువగా ఉండడం, ఒంట్లో సీసం చేరడం లాంటివి కొందరిలో దానికి తోడవుతాయి. ఫోను, గారాబం, చక్కెర ఆ జాబితాలో లేవు. ఇంటి వాతావరణం ఉన్న సమస్యను పెంచగలదు, తగ్గించగలదు. మామూలు ఇళ్ళలో జరిగే పెంపకం దాన్ని పుట్టించదు.

మన ఇళ్ళలో ఈ విషయం మీద గొడవ తెగకపోవడానికి కారణం, మూడు వేరు వేరు ప్రశ్నలు కలగలిసిపోవడమే. ఏడీహెచ్‌డీ దేనివల్ల వస్తుంది అన్నది ఒకటి. ఉన్నదాన్ని ఏది ఎక్కువ చేస్తుంది అన్నది మరొకటి. అసలు ఏడీహెచ్‌డీ కాకపోయినా అచ్చం అలాగే కనిపించేవి ఏవి అన్నది మూడోది. మీ అత్తగారు రెండో ప్రశ్నకు జవాబు చెబుతూ మొదటిదానికి చెప్పాననుకుంటున్నారు. బడివాళ్ళు చాలాసార్లు మూడో ప్రశ్న అడగనే అడగరు.

మీ ప్రశ్నలో అన్నిటికంటే పనికొచ్చే మాట మీవారిది. "నేనూ చిన్నప్పుడు ఇంతే" అని ఆయన ధైర్యం చెప్పడానికి అన్నారు. నేను దాన్ని కేసు కాగితంలో రాసుకునే వివరంగా చదివాను. నా గదిలో తరచూ కనిపించే దృశ్యం ఒకటి చెబుతాను. తల్లి, తండ్రి, నాయనమ్మ, పిల్లవాడు వస్తారు. పిల్లవాడు సొరుగులు లాగుతుంటాడు. తల్లి చెబుతూ ఉంటుంది. తండ్రి కుర్చీ అంచున కూర్చుని మోకాలు ఊపుతూ, మధ్యలో రెండుసార్లు ఫోను తీసి చూసి, నేను అడిగిన ప్రశ్న పూర్తికాకముందే జవాబు మొదలుపెడతాడు. పాత రిపోర్టులు ఏవీ అంటే ఫైలు కారులోనో ఆటోలోనో మరిచిపోయి ఉంటాడు. అప్పుడు నాయనమ్మ నవ్వుతూ "వీడి నాన్నా ఇంతేనండీ, ఐదో తరగతిలో మూడు బళ్ళు మార్చాం" అంటుంది. ఆ ఒక్క మాటకు నాకు ఏ స్కానింగూ ఇవ్వలేని సమాచారం దొరుకుతుంది.

ఇది వంశంలో వస్తుందనడానికి ఆధారం కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలు. ఒకే అండం నుంచి వచ్చిన కవలల్లో ఒకరికి ఏడీహెచ్‌డీ ఉంటే రెండోవారికీ ఉండడం, వేరు వేరు అండాల నుంచి వచ్చిన కవలల్లో కంటే చాలా ఎక్కువ. అనేక దేశాల్లో లెక్కలు కట్టి చూస్తే, పిల్లల మధ్య ఈ లక్షణాల్లో కనిపించే తేడాలో 70 నుంచి 80 శాతం వరకు జన్యువుల వాటా అని తేలింది. దాదాపు మనిషి పొడవుకు ఉన్నంత బలమైన వారసత్వం ఇది. అయితే ఒక హెచ్చరిక. ఈ శాతం జనాభా మొత్తానికి సంబంధించిన లెక్క. "మా వాడి అల్లరిలో ముప్పావు వంతు వాళ్ళ నాన్నది, పావు వంతు ఫోనుది" అని పంచుకోవడానికి పనికిరాదు. ఒకే అండం కవలల్లో కూడా ఒకరికి ఉండి మరొకరికి లేకపోవడం ఉంది. అంటే మిగతా వాటికి కూడా చోటుంది.

ఏ జన్యువు అని అడుగుతారు. ఒకటి కాదు. 2023లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణలో జన్యుపటం మీద 27 చోట్ల తేడాలు స్పష్టంగా దొరికాయి. ఒక్కొక్కదాని ప్రభావం చాలా చిన్నది, వేల సంఖ్యలో ఇలాంటి చిన్న తేడాలు కూడితేనే లక్షణాలు పైకి కనిపిస్తాయి. కాబట్టి రక్తం తీసి "ఏడీహెచ్‌డీ జన్యువు ఉందో లేదో చూస్తాం" అని ఎవరైనా ప్యాకేజీ చెబితే ఆ డబ్బు మిగుల్చుకోండి. మేనరికం గురించి కూడా అడుగుతారు. మేనరికం వల్ల పెరిగే జబ్బులు వేరే ఉన్నాయి. ఏడీహెచ్‌డీకి అది ప్రధాన కారణం అని చెప్పడానికి ఆధారం లేదు. ఎటువంటి చుట్టరికం లేని దంపతుల పిల్లల్లోనూ రోజూ చూస్తాం.

ఇదంతా చదివి మీ అత్తగారితో "మీ అబ్బాయి నుంచే వచ్చింది" అని యుద్ధానికి వెళ్ళకండి. తల్లి వైపు నుంచీ అంతే వస్తుంది. ఆడపిల్లల్లో పరుగులు తక్కువ, పరధ్యానం ఎక్కువ కాబట్టి చిన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. కొడుకు గురించి ప్రశ్నలు అడుగుతుంటే మధ్యలో ఆగి "ఇవన్నీ నాకూ ఉన్నాయి కదండీ" అన్న తల్లులు నాకు చాలామంది తెలుసు.

మెదడులో ఏం జరుగుతుందో క్లుప్తంగా. నుదుటి వెనక ఉండే మెదడు భాగం మన పనులకు మేనేజరు. ఆగు, ఇది ముందు చెయ్యి, అది తరవాత అని చెప్పేది అదే. 2007లో అమెరికాలో పిల్లల మెదడు స్కాన్లను ఏళ్ళ తరబడి పోల్చి చూస్తే, మెదడు పైపొర గరిష్ఠ మందానికి చేరే వయసు మామూలు పిల్లల్లో సగటున ఏడున్నర ఏళ్ళు, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళలో పదిన్నర ఏళ్ళు అని తేలింది. ఎదుగుదల వరుస మాత్రం ఇద్దరిలోనూ దాదాపు ఒకటే. అంటే మెదడు చెడిపోలేదు, ఆలస్యంగా పక్వానికి వస్తోంది. మీవారు పదో తరగతికి దారిలో పడ్డానని చెప్పడంలో కొంత నిజం ఇదే కావచ్చు. కానీ అందరూ అలా దారిలో పడరు. పెద్దయ్యాక పరుగులు తగ్గినా మతిమరుపు, వాయిదా వేయడం, తొందరపాటు చాలామందిలో మిగులుతాయి. కాబట్టి పదో తరగతి దాకా చూద్దాం అని కూర్చోవడం సరికాదు. ఈలోగా ఎనిమిదేళ్ళపాటు "నువ్వు ఎందుకూ పనికిరావు" అని వినే పిల్లవాడు ఆ మాటనే నమ్మడం మొదలుపెడతాడు.

ఇక డోపమైన్. మెదడులో ఒక పని మీద ఆసక్తిని నిలిపి ఉంచే రసాయనాల్లో ముఖ్యమైనది ఇది. దాని పనితీరులో తేడా ఉండడం వల్లే అందరినీ గందరగోళపరిచే ఆ ప్రశ్న వస్తుంది: "ఫోను ముందు రెండు గంటలు కదలడు, మరి ధ్యాస లేదంటారేమిటి?" ఆటలో ప్రతి కొన్ని సెకన్లకూ ఒక బహుమతి ఉంటుంది, ఒక చప్పుడో, ఒక పాయింటో. ఎక్కాల పుస్తకంలో అలాంటిది లేదు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడికి ధ్యాస ఉంటుంది. బహుమతి దూరంగా ఉన్న పని మీద దాన్ని నిలపడమే చేతకాదు. అందుకే "ఇష్టమైనవాటికి బాగానే కూర్చుంటాడు, బద్ధకం అంతే" అన్న వాదన నిలవదు. అదే కారణంతో నా గదిలో ఇరవై నిమిషాలు బుద్ధిగా కూర్చున్నా ఏడీహెచ్‌డీ లేదని నేను రాయను. కొత్త చోటు, కొత్త మనిషి ఉన్నప్పుడు ఎవరైనా కాసేపు కూర్చుంటారు.

ఇప్పుడు మీ మీద పడిన నిందలు ఒక్కొక్కటి చూద్దాం.

ఫోను. 1798లోనే అలెగ్జాండర్ క్రిక్టన్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఏ పని మీదా మనసు నిలవని స్థితి గురించి రాశాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు, తెలివి బాగానే ఉండి కూడా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి ఉపన్యాసాలు ఇచ్చాడు. అప్పటికి ఫోను సంగతి అలా ఉంచండి, టీవీ కూడా లేదు. ఎక్కువగా ఫోను చూసే పిల్లల్లో ఈ లక్షణాలు కాస్త ఎక్కువ అని చెప్పే అధ్యయనాలు ఉన్నమాట నిజమే. కానీ ఏది ముందు, ఏది వెనక? ఏడాదిన్నర వయసులోనే కాలు నిలవని పిల్లవాడికి అన్నం తినిపించాలంటే ఏ తల్లికైనా చివరికి చేతికి దొరికేది ఫోనే. నిదానంగా కూర్చుని తినే పిల్లవాడికి ఆ అవసరమే రాదు. అల్లరి ఫోనును తెచ్చిన ఇళ్ళు నేను చూసినవాటిలో ఎక్కువ.

దీన్ని పట్టుకుని ఫోను ఇవ్వచ్చని అర్థం చేసుకోకండి. ఫోను నిద్రను తింటుంది, ఆటను తింటుంది, చిన్నపిల్లల్లో మాటలు రావడాన్ని వెనక్కి నెడుతుంది. నిద్ర తగ్గితే మరుసటి రోజు ఏ పిల్లవాడైనా చిరాకుగా, చెదురుగా ఉంటాడు. రెండేళ్ళలోపు అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ మధ్య రోజుకు గంట దాటవద్దని మన పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ చెబుతోంది. మీ అత్తగారు చెప్పే జాగ్రత్త మంచిదే, మోపే నేరమే తప్పు.

పారాసిటమాల్. ఈ భయం ఈమధ్య వార్తల వల్ల బాగా పెరిగింది. 2024లో స్వీడన్‌లో సుమారు 25 లక్షల మంది పిల్లల వివరాలు పరిశీలించారు. మామూలుగా పోల్చినప్పుడు కొద్దిపాటి తేడా కనిపించింది. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్ళలో, ఒక కాన్పులో మందు వాడి మరో కాన్పులో వాడని సందర్భాలను పోల్చేసరికి ఆ తేడా పోయింది. అంటే మందుతో పాటు ఆ కుటుంబాల్లో ఉన్న ఇతర విషయాలే ఆ తేడాకు కారణం. గర్భంలో జ్వరం తగ్గించుకోకపోవడమే ప్రమాదం. మీరు జ్వరానికే వేసుకున్నారు, ఆ దిగులు వదిలెయ్యండి.

చక్కెర. ఇది మీరు అడగలేదు, కానీ రేపు ఎవరో ఒకరు అంటారు కాబట్టి చెబుతున్నాను. 1994లో ఒక సరదా ప్రయోగం జరిగింది. చక్కెర తింటే మా అబ్బాయి ఆగడు అని చెప్పే తల్లులను, వాళ్ళ ఐదు నుంచి ఏడేళ్ళ కొడుకులను పిలిచారు. కొందరు తల్లులకు మీ వాడికి చక్కెర ఎక్కువగా ఇచ్చాం అని చెప్పారు. నిజానికి పిల్లలందరికీ ఇచ్చింది చక్కెర లేని తీపి పానీయమే. చక్కెర ఇచ్చారని నమ్మిన తల్లులు తమ పిల్లలు విపరీతంగా అల్లరి చేశారని రాశారు. పైగా ఆ కాసేపూ పిల్లల వెంటే తిరుగుతూ ఎక్కువగా తప్పులు పట్టారు. బర్త్‌డే పార్టీలో పిల్లలు ఎగరడానికి కారణం కేకు కాదు, పార్టీయే. కృత్రిమ రంగుల విషయంలో మాత్రం కొంత ఆధారం ఉంది. 2007లో ఇంగ్లండ్‌లో చేసిన పరీక్షలో టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో లాంటి రంగులు కలిపిన పానీయం కొందరు పిల్లల్లో చలాకీతనాన్ని కొద్దిగా పెంచింది. ఐరోపాలో 2010 నుంచి అలాంటి ఆహారం మీద హెచ్చరిక ముద్రిస్తున్నారు. ప్రభావం చిన్నదే. అయినా రంగు రంగుల బిళ్ళలు మానిపిస్తే నష్టమేమీ లేదు.

గారాబం, క్రమశిక్షణ లేకపోవడం. రోజుకు వందసార్లు చెప్పించుకునే పిల్లవాడి ఇంట్లో అరుపులు ఉంటాయి. బయటివాళ్ళకు అరుపులు ముందు కనిపిస్తాయి కాబట్టి అవే కారణం అనుకుంటారు. మందుతో పిల్లవాడు కాస్త కుదుటపడినప్పుడు తల్లుల అరుపులు, ఆజ్ఞలు వాటంతట అవే తగ్గడం పాత పరిశోధనల్లోనే కనిపించింది. నిజమైన మినహాయింపు ఒకటుంది. రుమేనియా అనాథాశ్రమాల్లో ఎత్తుకునేవాళ్ళు లేక నెలల తరబడి మంచాల్లో పడి ఉన్న పిల్లల్లో, తరవాత మంచి కుటుంబాలకు దత్తత వెళ్ళినా, ఈ లక్షణాలు ఎక్కువగా మిగిలాయి. ఆ స్థాయి నిర్లక్ష్యానికీ, పిల్లవాడికి నాలుగు ముద్దలు ఎక్కువ తినిపించాలని తాపత్రయపడే మీ ఇంటికీ పోలికే లేదు.

జన్యువులు కాకుండా నిజంగా లెక్కలోకి వచ్చే కారణాలు ఇవి. బాగా ముందుగా, అంటే 32 వారాలలోపు పుట్టిన పిల్లల్లో ఏడీహెచ్‌డీ అవకాశం దాదాపు మూడు రెట్లు. ఇప్పుడు విజయవాడ, గుంటూరు ఆస్పత్రుల్లో కిలో బరువు బిడ్డలు కూడా బతికి ఇంటికి వెళ్తున్నారు. సంతోషమే, కానీ ఆ బిడ్డలను బడి వయసు దాకా గమనించాలని డిశ్చార్జి రోజు చెప్పేవాళ్ళు తక్కువ.

తరవాత సీసం. పెట్రోలులో సీసం 2000 నాటికి పోయింది, పెయింట్లలో 2017 నుంచి గట్టి పరిమితి ఉంది. అయినా పాత గోడల రంగుల పొడి, కొన్ని సుర్మాలు, పాత బ్యాటరీలు విప్పే చోట్లు మిగిలే ఉన్నాయి. ఆటోనగర్ వైపు బ్యాటరీల పని చేసే తండ్రులకు నేను చెప్పేది ఒకటే, పని బట్టలతో ఇంట్లోకి రాకండి, స్నానం చేశాకే పిల్లను ఎత్తుకోండి. ఇంకో విచిత్రం ఉంది. జ్ఞాపకశక్తి పెరగాలని లేబుల్ కూడా లేని లేహ్యాలు, భస్మాలు తెచ్చి పోస్తారు. అలాంటి కొన్ని భస్మాల్లో సీసం ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. బుర్ర చురుకవ్వాలని బుర్రకు చేటు చేసేదాన్ని కొని తేవడం అన్నమాట.

మా గుంటూరు వైపు పురుగుమందుల సంగతి చెప్పకుండా ఉండలేను. మిరప, పత్తి చేలకు కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ మందులకు, పిల్లల్లో ఏడీహెచ్‌డీకి సంబంధం కనిపించిందని 2010లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. సంబంధం కనిపించడం వేరు, కారణమని రుజువు కావడం వేరు. కానీ మందు డబ్బాలు మంచం కింద పెట్టుకోవడం, ఖాళీ డబ్బా కడిగి నీళ్ళకు వాడడం ఏ లెక్కన చూసినా తప్పే.

ఇనుము కూడా ముఖ్యం. మెదడులో డోపమైన్ తయారీకి ఇనుము కావాలి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది) తక్కువగా ఉన్న పిల్లవాడికి ఐరన్ ఇస్తే ఏడీహెచ్‌డీ మాయమైపోదు, కానీ నీరసం, చిరాకు, రాత్రి కాళ్ళు కొట్టుకోవడం తగ్గి మిగతా చికిత్సకు దారి సులువవుతుంది. ఒక చిన్న రక్తపరీక్షతో తెలిసేదాన్ని వదిలేసి ఎమ్మారై తీయించుకుని వచ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏడీహెచ్‌డీని ఎమ్మారైతోనో, మెదడు విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీతోనో నిర్ధారించరు. నేను పైన చెప్పిన మెదడు తేడాలు వందల మంది సగటులో కనిపించేవి, ఒక్క పిల్లవాడి ఫిల్ములో కాదు.

ఇప్పుడు మూడో ప్రశ్న. నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. మీ బాబు విషయంలో తేలవలసిందీ ఇదే.

ఈఈజీ వద్దన్నాను కదా, దానికి ఒక మినహాయింపు. తెనాలి వైపు నుంచి తొమ్మిదేళ్ళ పాపను తీసుకొచ్చారు. టీచరు డైరీలో "పరధ్యానం, పిలిస్తే పలకదు" అని రాసి పంపింది. నేను ఒక కాగితం ముక్క ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకుని, ఊదుతూ ఉండు, ఆగకు అన్నాను. రెండు నిమిషాలు గడిచాక కాగితం ఊగడం ఆగిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, రెప్పలు సన్నగా కొట్టుకుంటున్నాయి, పిలిస్తే పలకలేదు. పది సెకన్ల తరవాత ఏమీ జరగనట్టు మళ్ళీ ఊదడం మొదలుపెట్టింది. అది పరధ్యానం కాదు, ఆబ్సెన్స్ అనే రకం ఫిట్స్. రోజుకు పదుల సార్లు అలా మధ్యలో మెదడు ఆగిపోతుంటే పాఠం ఎలా తలకెక్కుతుంది? ఈఈజీలో రుజువైంది, తగిన మందుతో తగ్గింది. దీనికి తిరగేసిన కథలు కూడా ఉన్నాయి. చిన్నప్పుడు జ్వరంతో ఫిట్స్ వస్తే రాసిన ఫీనోబార్బిటోన్ ఎవరూ ఆపమనక ఏళ్ళ తరబడి వాడుతుంటారు. ఆ మందే కొందరు పిల్లలను నిలవనీయదు. అలాగని మీ అంతట మీరు ఆపకండి, డాక్టరే మెల్లగా తగ్గించాలి.

రాత్రి నోరు తెరుచుకుని గురక పెట్టే పిల్లలు ఇంకో గుంపు. ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు, గొంతులోని టాన్సిల్స్ పెరిగి ఊపిరి సరిగా ఆడక నిద్ర చెడుతుంది. పెద్దవాళ్ళకు నిద్ర చాలకపోతే మత్తుగా ఉంటారు, పిల్లలు దానికి విరుద్ధంగా ఎగురుతారు. చెవిలో జిగురు చేరి వినికిడి తగ్గినవాళ్ళను "చెప్పిన మాట చెవిన వేసుకోడు" అని తిడతారు. వాడికి ఆ మాట చెవిదాకా వెళ్ళదు మరి. కంటిచూపు, థైరాయిడ్ కూడా ఒకసారి చూడాలి.

చదవడంలో ఇబ్బంది, అంటే డిస్లెక్సియా, మన ఊళ్ళలో దొరకకుండా తప్పించుకుంటోంది. ఇంట్లో తెలుగు, బడిలో నర్సరీ నుంచి ఇంగ్లీషు. అక్షరం తెలియని పిల్లవాడు పుస్తకం తెరవగానే మంచినీళ్ళకు వెళ్తానంటాడు, పక్కవాడిని గిల్లుతాడు. లెక్కల క్లాసులోనూ ఆటల్లోనూ బాగానే ఉంటాడు. ఎప్పుడు కుదురు తప్పుతున్నాడో టీచరును అడిగితే సగం తేలుతుంది.

భయం కూడా ఇలాగే కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగాక, ఆ తరవాతి నెలల్లో "ఉన్నట్టుండి చదువు మీద ధ్యాస పోయింది" అంటూ కొందరు వచ్చారు. మబ్బు పడితే కిటికీ దగ్గరికి పరుగెత్తే పిల్లవాడికి ఉన్నది ఏడీహెచ్‌డీ కాదు. "ఉన్నట్టుండి" అన్న మాట వింటే నేను వేరే కారణం వెతుకుతాను. ఏడీహెచ్‌డీ ఒక తేదీన మొదలవదు, బుడి బుడి అడుగుల నాటి నుంచే దాని జాడలు ఉంటాయి.

పుట్టిన నెల కూడా చూడండి. మనకు బళ్ళు జూన్‌లో తెరుస్తారు. క్లాసులో ఒక పిల్లవాడు మరొకడికంటే పదకొండు నెలలు చిన్నవాడు కావచ్చు. ఏడేళ్ళ వయసులో అది చిన్న తేడా కాదు. 2018లో అమెరికాలో వచ్చిన పరిశోధనలో, సెప్టెంబరు 1 గడువు ఉన్న రాష్ట్రాల్లో క్లాసులో అందరికంటే చిన్నవాళ్ళైన ఆగస్టు పిల్లలకు, పెద్దవాళ్ళైన సెప్టెంబరు పిల్లలకంటే సుమారు 34 శాతం ఎక్కువగా ఏడీహెచ్‌డీ ముద్ర పడింది. మన దగ్గర సీటు పోతుందని ఒక ఏడాది ముందే చేర్పించే అలవాటు ఉంది. మీ వాడు ఏ నెలలో పుట్టాడో మీరు రాయలేదు.

చివరిగా బడి. రెండో తరగతి పిల్లవాడికి ఆటల పీరియడు తీసేసి, సాయంత్రం దాకా స్టడీ అవర్ పెట్టి, కూర్చోవడం లేదని ఫిర్యాదు చేసే బళ్ళు మన రెండు ఊళ్ళలోనూ ఉన్నాయి. అక్కడ నేను చికిత్స చేయవలసింది ఎవరికో నాకు తెలుసు, కానీ వాళ్ళు ఓపీకి రారు.

ఇన్ని వడపోసిన తరవాతే ఏడీహెచ్‌డీ అనాలి. 2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల ప్రమాణాల ప్రకారం, ధ్యాసకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో గానీ, అతిచలాకీతనానికి సంబంధించిన తొమ్మిదింటిలో గానీ కనీసం ఆరు ఉండాలి, ఆరు నెలలకు పైగా ఉండాలి, పన్నెండేళ్ళలోపే మొదలై ఉండాలి, ఇల్లు, బడి లాంటి రెండు చోట్ల కనిపించాలి, వాటి వల్ల చదువుకో స్నేహాలకో నిజంగా దెబ్బ తగలాలి. ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో ఇది సుమారు 5 శాతం. అంటే నలభై మంది ఉన్న క్లాసులో ఇద్దరు. ఒకే క్లాసు నుంచి పదిమందిని పంపే బడి ఉంటే, అనుమానించవలసింది పిల్లలను కాదు.

మీరు చేయవలసినవి: క్లాస్‌టీచరు చేత, ట్యూషన్ ఉంటే ఆ టీచరు చేత కూడా వాడు ఏ సమయంలో ఏం చేస్తాడో ఒక పేజీ రాయించండి. వాడు నిద్రపోతున్నప్పుడు రెండు నిమిషాల వీడియో తీయండి, గురక ఉందో లేదో నాలాంటివాళ్ళకు అది చాలు. వినికిడి, చూపు, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ పరీక్షలు చేయించండి. మీవారి పాత ప్రోగ్రెస్ రిపోర్టులు అత్తగారి బీరువాలో ఉంటే పట్టుకెళ్ళండి, నవ్వులాటకు చెప్పడం లేదు. మీవారిని కూడా తప్పకుండా తీసుకెళ్ళండి. ఖర్చు ఇబ్బంది అయితే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పథకంలో పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలకు ఇలాంటి ఎదుగుదల సమస్యలు చూస్తారు. ఎవరిని కలవాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మందు గురించి ఇప్పుడే భయపడకండి. ఆరేళ్ళలోపు పిల్లలకు ముందుగా తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణే చికిత్స. ఏడేళ్ళవాడికి శిక్షణ, బడిలో మార్పులు, అవసరమైతే మందు. ఏది ఎంత అన్నది వాడిని చూసినవాళ్ళు చెప్పాలి.

రెండో బిడ్డ మాటకు వస్తే: అన్నకు ఏడీహెచ్‌డీ ఉంటే తమ్ముడికో చెల్లికో వచ్చే అవకాశం బయటి పిల్లలకంటే కొన్ని రెట్లు ఎక్కువ. అయినా రాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క కారణంతో రెండో కాన్పు వద్దనుకోకండి. గర్భం నిర్ధారణ కాగానే డాక్టరు దగ్గర పేరు రాయించుకోండి, ఐరన్ మాత్రలు మలబద్ధకం వస్తుందని మధ్యలో మానేయకండి, మీవారికి సిగరెట్ అలవాటు ఉంటే ఇంట్లో మానిపించండి. మీకు ఫిట్స్ ఉండి వాల్ప్రోయేట్ వాడుతుంటే, గర్భం రాకముందే న్యూరాలజిస్టుతో మాట్లాడి మందు మార్పించుకోండి. దానికీ పిల్లల్లో ఏడీహెచ్‌డీకీ సంబంధం ఉంది. బాబును డాక్టరుకు చూపించాక ఏమన్నారో, వాడు పుట్టిన నెలేదో ఇక్కడే రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడదాం.